విరిగింది చీలమండ ఎముక అయితే, పని పిక్క కండతో ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అమ్మగారికి 54 ఏళ్లు. శ్రీవారి మెట్టు దారిలో కిందికి దిగుతుండగా కాలు మడతపడి చీలమండ రెండు వైపులా విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. తొమ్మిది వారాలు దాటాయి. ఎక్స్‌రే చూసి డాక్టర్ "ఎముక అతుక్కుంది, బరువు వేసి నడవండి" అన్నారు. అయినా అమ్మ కుంటుతున్నారు, పిక్క సన్నబడిపోయింది, సాయంత్రానికి పాదం వాస్తోంది. ఫిజియో ఏమో చీలమండను వదిలేసి పిక్క మీదే వ్యాయామాలు చేయిస్తున్నారు. ఎముక విరిగితే కండతో పనేంటి, నూనె మర్దన చేయిస్తే సరిపోదా, మళ్లీ కొండ మెట్లు ఎక్కగలరా అని అడిగారు.

సూటిగా చెబుతాను. మీ ఫిజియో సరైన పనే చేయిస్తున్నారు. ఎముకను సరిచేసి బిగించడం సర్జన్ పని, అది అయిపోయింది. నడక తిరిగి రావడం మోకాలి కింది కండల పని. ఇన్ని వారాల్లో అవి పోగొట్టుకున్న బలం బరువు మోస్తేనే వస్తుంది, మర్దనతో రాదు. మెట్లు ఎక్కగలరు, నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది ఎక్కుతున్నారు. కానీ ఎక్కడం వేరు, దిగడం వేరు. దిగడానికి ఇంకా ఎక్కువ సమయం కావాలి. నేను తిరుపతిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. కొండ మెట్ల మీద కాలు మడతపడినవాళ్లు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

కాలిలో మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. లావుగా ఉండేది టిబియా, బయటివైపు సన్నగా ఉండేది ఫిబులా. చీలమండకు లోపలా బయటా చేతికి తగిలే బొడిపెలు వాటి చివరలే. ఆ రెండింటి మధ్య టాలస్ అనే ఎముక ఇమిడి ఉంటుంది. ఒళ్లు బరువంతా దాని మీదుగానే పాదంలోకి దిగుతుంది. అయినా ఆ టాలస్‌కు ఒక్క కండ కూడా అతుక్కుని ఉండదు. కండలన్నీ పైన, మోకాలి దగ్గరా దాని కిందా మొదలై, చీలమండకు వచ్చేసరికి సన్నటి తాళ్లలాంటి టెండన్లుగా మారి, ఆ బొడిపెల పక్కనుంచి దాటుకుని పాదంలోకి పోతాయి. అంటే చీలమండకు బలం కావాలంటే కష్టపెట్టాల్సింది పైనున్న కండనే.

ఏ కండ ఏం చేస్తుందో ఒక్కసారి చూద్దాం. వెనక పిక్కలో రెండు పొరలుంటాయి. పై పొర గ్యాస్ట్రోక్నీమియస్, ఇది మోకాలి పైనుంచి వస్తుంది. దాని కింద సోలియస్, ఇది మోకాలి కిందే మొదలవుతుంది. రెండూ కలిసి ఎకిలిస్ టెండన్ అయి మడమకు అతుక్కుంటాయి. ముందువైపు టిబియాలిస్ యాంటీరియర్ పాదాన్ని పైకి లేపుతుంది, మడమ ఆనిన తర్వాత పాదం టపీమని పడకుండా మెల్లగా దించుతుంది. లోపలివైపు టిబియాలిస్ పోస్టీరియర్ అరికాలి వంపును నిలబెడుతుంది. బయటివైపు పెరోనియస్ కండలు రెండు. అవి బయటి బొడిపె వెనక నుంచే పోతాయి. పాదం లోపలికి మడతపడబోతే ఆపేవి ఇవే.

మీ అమ్మగారు పడింది దిగేటప్పుడు అన్నారు కదా, అది నాకు కొత్తగా అనిపించలేదు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, అలిపిరి దారిలో 3,550. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, గుండె దడదడలాడుతుంది, అందుకే జనం ఆగి కూర్చుంటారు. దిగేటప్పుడు ఆయాసం ఉండదు, హాయిగా అనిపిస్తుంది, చకచకా దిగేస్తారు. కానీ దిగే ప్రతి మెట్టుకూ పిక్క కండ సాగుతూనే ఒంటి బరువును పట్టి ఆపాలి. కండకు ఇది చాలా కష్టమైన పని. మర్నాడు పిక్కలు పట్టేసి బాత్రూముకు కూడా గోడ పట్టుకుని పోయేది ఇందువల్లే. ఇలా అలిసిపోయిన కాలు మెట్టు అంచున సగం ఆనితే పాదం లోపలికి తిరిగిపోతుంది. ఆ తిరగడం సెకనులో పదో వంతు సమయంలోనే జరిగిపోతుంది. మామూలుగా ఉన్న పెరోనియస్ కండకే అంతలోపల స్పందించి లాగడం కష్టం. అలిసినదైతే ఇక చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. ఎముకను విరగ్గొట్టింది కండ కాదు. పాదం నేలకు ఆని ఉండగా ఒళ్లు తిరిగితే టాలస్ పక్కకు తిరిగి బయటి బొడిపెను నెడుతుంది, లోపలి బొడిపెను దాని లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టే గట్టి పట్టీ) లాగేస్తుంది. చీలమండ విరగడమనేది చాలావరకు ఇలాగే. ఎముక విరిగిన తర్వాత మాత్రం కండలు ఊరుకోవు. ఆధారం పోయిన పాదాన్ని పిక్క పైకీ వెనక్కీ లాగుతుంది. అందుకే కాలును సరిగ్గా కూర్చోబెట్టేటప్పుడు డాక్టర్లు మోకాలు మడిచి పట్టుకోమంటారు. మోకాలు మడిస్తే గ్యాస్ట్రోక్నీమియస్ వదులవుతుంది, పాదం మాట వింటుంది. 18వ శతాబ్దంలో లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ ఈ సంగతిని గట్టిగా చెప్పారు. 1756లో గుర్రం మీద నుంచి పడి తన కాలే విరగ్గొట్టుకున్న మనిషి ఆయన. చీలమండ విరగడాన్ని పాత డాక్టర్లు పాట్స్ ఫ్రాక్చర్ అనేది ఆయన పేరు మీదే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, పిక్క ఎందుకు సన్నబడింది?

బరువు మోయని కండను శరీరం ఉంచుకోదు. కాలు కదలకుండా కట్టేసిన మొదటి రెండు మూడు వారాల్లోనే కండ వేగంగా కరుగుతుంది. అందులోనూ నిలబడటానికి రోజంతా పనిచేసే సోలియస్ బాగా దెబ్బతింటుంది. ఇది జబ్బు కాదు, నరం చచ్చిపోవడం కాదు. ఇంట్లోనే కొలుచుకోవచ్చు. అమ్మగారిని పడుకోబెట్టి, మోకాలిచిప్ప కింద ముందువైపు తగిలే ఎముక గుబ్బ నుంచి కిందికి 10 సెంటీమీటర్ల దగ్గర పెన్నుతో గీత పెట్టండి. రెండు కాళ్లకూ అదే చోట టైలర్ టేపు చుట్టి కొలవండి. తేడా రాసి పెట్టుకోండి. నెలకోసారి కొలిస్తే చాలు, రోజూ కొలిస్తే టెన్షన్ తప్ప ఏమీ తెలియదు. ఇంకో మాట, చుట్టుకొలత కంటే బలం ముందు వస్తుంది. కాలు బాగా నడుస్తున్నా పిక్క కొంచెం సన్నగానే మిగిలిపోయేవాళ్లున్నారు, దానికి బాధపడక్కర్లేదు.

రెండోది బిగుసుకుపోవడం. కట్టులో పాదం కిందికి వేలాడి ఉంటే పిక్క పొట్టిబడిపోతుంది. పాదాన్ని కాలికి 90 డిగ్రీల్లో ఉంచి కట్టు వేసేది అందుకే. చదును నేల మీద నడవాలంటే పాదం అక్కడి నుంచి పైకి ఇంకో 10 డిగ్రీల దాకా వంగాలి. మెట్లు దిగడానికి అంతకంటే ఎక్కువ కావాలి. గొంతుకు కూర్చోవడానికి మరీ ఎక్కువ. చిత్తూరు దగ్గరి పల్లె నుంచి ఒకామె వచ్చేది, ఇంట్లో నాలుగు పాడి ఆవులు. ఆమె నడక చూస్తే ఏ లోపమూ కనిపించదు. కానీ పాలు పిండటానికి కూర్చుంటే విరిగిన కాలి మడమ నేలకు ఆనేది కాదు, వెనక్కి పడిపోయేది. మడమ కింద చెక్క ముక్క పెట్టుకుని కూర్చోమన్నాను. ఒక చెక్కతో మొదలుపెట్టి వారం వారం పల్చటి చెక్కకు మారుస్తూ పోయాం. పాలు పిండే పనే ఆమెకు రోజుకు రెండు పూటల వ్యాయామమైంది.

ఇది మీరూ చూసుకోవచ్చు. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలిని గోడకు ఆనించాలి. కాలి బొటనవేలు గోడకు ఎన్ని వేళ్ల దూరంలో ఉండగా మోకాలు ఆనగలుగుతోందో చూసి, బాగున్న కాలితో పోల్చండి. ఆ తేడానే మనం పూడ్చాల్సింది.

మూడోది సాయంత్రం వాపు. కాళ్లలోని రక్తం పైకి పోవాలంటే పిక్క బిగిసి వదులుతూ సిరల్ని పిండాలి. పిక్క బలహీనపడితే ఆ పంపు సరిగ్గా ఆడదు, నీరు పాదంలోనే నిలుస్తుంది. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలపాటు, ఒక్కోసారి ఏడాది దాకా, సాయంత్రాలు కొద్దిగా వాపు ఉండొచ్చు. పొద్దుటికి తగ్గిపోతే భయం లేదు. పగలు మధ్యమధ్యలో కాలు గుండె కంటే ఎత్తులో పెట్టుకుని పాదాన్ని పైకీ కిందికీ ఆడించమనండి.

కానీ పిక్క మొత్తం ఒక్కసారిగా వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే మర్దన జోలికి పోవద్దు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని పిసికితే గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోయే ప్రమాదం ఉంది. అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లి సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ చేయించాలి. వీటితో పాటు ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకే వెళ్లండి. ఇలాంటివేవీ లేకపోతే, కుట్లు పూర్తిగా మానాక, మెల్లగా నూనె రాసుకోవడంలో తప్పు లేదు. చర్మం మెత్తబడుతుంది, మనిషికి హాయిగా ఉంటుంది. కండ మాత్రం పెరగదు. మేక కాళ్ల సూపు సంగతీ అంతే. ఆకలికి మంచిదే, కానీ కండ కట్టడానికి గుడ్లు, పప్పు, పాలు, పెరుగు, వేరుశనగలు, తింటే చేపా చికెనూ రోజూ పడాలి. రాగి సంగటిలో కాల్షియం బాగా ఉంటుంది, పక్కన పప్పు తప్పక ఉండేలా చూడండి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ప్రోటీన్ ఎంత తినాలో డాక్టర్‌నే అడగాలి.

ఇక వ్యాయామాలు. డాక్టర్ బరువు వేయొచ్చన్నారు కాబట్టి చెబుతున్నాను. ఇంకా అనుమతి రానివాళ్లు, ముఖ్యంగా టిబియాకూ ఫిబులాకూ కలిపి అడ్డంగా స్క్రూ వేసినవాళ్లు, ఇది చదివి మొదలుపెట్టొద్దు.

మొదట బరువు వేయడం నేర్చుకోవాలి. భయంతో ఒళ్లంతా బాగున్న కాలి మీదే ఉంటుంది, మనిషికి తెలియదు. బరువు చూసే మిషన్ మీద విరిగిన కాలు, అంతే ఎత్తున్న పుస్తకాల మీద బాగున్న కాలు పెట్టి, గోడ పట్టుకుని నిలబడమనండి. ముల్లు సగం బరువు చూపించాలి. 60 కిలోల మనిషికి 30 రావాలి, చాలామందికి మొదట పదిహేను దగ్గరే ఆగిపోతుంది. ఆ అంకె కళ్లతో చూశాకే కాలు తనను మోస్తుందన్న ధైర్యం వస్తుంది.

తర్వాత పిక్క. కుర్చీలో కూర్చుని, మోకాలి మీద బియ్యం సంచి పెట్టుకుని, మడమ ఎత్తి దించడం. మోకాలు మడిచి ఉంటుంది కాబట్టి ఈ పని ఎక్కువగా సోలియస్ మీద పడుతుంది. రెండు కిలోలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవచ్చు. అది తేలికయ్యాక నిలబడి, గోడ పట్టుకుని, రెండు మడమలూ ఎత్తడం. ఆపైన రెండు కాళ్లతో లేచి, బరువును విరిగిన కాలి మీదికి మార్చి, ఆ ఒక్క కాలితో మెల్లగా దిగడం. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఈ దిగడమే, చాలామంది దీన్నే ఎగ్గొడతారు. దించేటప్పుడు మనసులో ఒకటి నుంచి నాలుగు దాకా లెక్కపెట్టమనండి. చివరికి ఒంటికాలి మీద ఎత్తి దించగలగాలి. ఎన్నిసార్లు అనేదానికి బాగున్న కాలే కొలత. అది పన్నెండుసార్లు చేస్తే ఇదీ పన్నెండు చేయాలి.

పెరోనియస్ కండలకు ఖరీదైన రబ్బరు బ్యాండు అక్కర్లేదు. సైకిల్ షాపులో పాత ట్యూబు ముక్క దొరుకుతుంది. ఒక కొన మంచం కోడుకు కట్టి, రెండో కొన పాదానికి తగిలించి, మోకాలు కదలకుండా పాదాన్ని బయటికి లాగి మెల్లగా వదలాలి. దీనికి తోడు ఒంటికాలి మీద నిలబడే సాధన. పొయ్యి గట్టు పక్కన, చెయ్యి ఆనేంత దూరంలో నిలబడితే చాలు. విరిగిన చీలమండ తాను ఎటు వంగుతోందో మెదడుకు చెప్పడం మందగిస్తుంది. ఈ సాధన లేకుండా బలం ఒక్కటే వస్తే కాలు మళ్లీ మడతపడే అవకాశం అలాగే ఉంటుంది.

నొప్పి సంగతి అడుగుతారని చెబుతున్నాను. చేసేటప్పుడు పదికి మూడు నాలుగు దాకా నొప్పి ఉండి, మర్నాటి పొద్దుటికి మామూలైపోతే అదే మోతాదు కొనసాగించండి. మర్నాడు కూడా వాపు, నొప్పి ఎక్కువగా ఉంటే సగానికి తగ్గించండి. పూర్తిగా మానేయడం మాత్రం వద్దు.

కొన్ని నొప్పులకు కారణం వేరు. ఫిబులా ప్లేటు వెనకవైపు ఉంటే పెరోనియస్ టెండన్లు దానికి రాసుకుని బయటి బొడిపె వెనక మండుతుంది. వెనకవైపు ఎముక కూడా విరిగి ఉంటే బొటనవేలిని వంచే కండ అక్కడ అతుక్కుని వేలు పైకి లేవదు. పాదం మీద తిమ్మిరి ఉంటే కోత దగ్గరి చిన్న నరం కారణం కావొచ్చు. పాదమే పైకి లేవకుండా జారిపోతుంటే మోకాలి బయటివైపు ఫిబులా మెడ చుట్టూ పోయే నరం మీద కట్టు ఒత్తిడి పడి ఉండొచ్చు. బిగుతు కట్టుతో ఇలా అయి వచ్చినవాళ్లను చూశాను. కాలంతా మంట, చర్మం మెరుస్తూ రంగు మారడం, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం ఉంటే అది ఇంకో సమస్య. వీటిలో ఏది ఉన్నా వ్యాయామం పెంచేముందు సర్జన్‌కు చూపించండి.

షుగర్ ఉన్నవాళ్లకు ఈ లెక్కలు వర్తించవు. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే ఎముక కుంగుతున్నా నొప్పి తెలియదు. అలాంటివాళ్లకు బరువు వేయకుండా ఉంచే కాలాన్ని సర్జన్లు మామూలు కంటే దాదాపు రెట్టింపు చేస్తారు. మీ అమ్మగారికి షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఫిజియోకు తప్పకుండా చెప్పండి.

ఈ పేజీ చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. మన వైపు కాలు మెలిక పడితే ముందు కట్టు కట్టించుకోవడం అలవాటు. పుత్తూరు కట్టు మీద మన జనానికున్న నమ్మకం ఈనాటిది కాదు, దాన్ని నేను తీసిపారేయను. కానీ చీలమండ కీలు. ఎముక అతుక్కోవడం ఒక్కటే చాలదు, టాలస్ దాని చోట అది ఉండాలి. 1976లో వచ్చిన ఒక పరిశోధనలో టాలస్ బయటికి 1 మిల్లీమీటరు జరిగితేనే కీలులో ఎముకలు ఒకదానికొకటి ఆనే వైశాల్యం సగటున 42 శాతం తగ్గిందని తేలింది. ఇంత చిన్న తేడా చేతికి తెలియదు. కాబట్టి ఏ కట్టు కట్టించుకున్నా ముందు ఎక్స్‌రే. నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, బొడిపెల వెనక అంచున కింది 6 సెంటీమీటర్లలో ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా బెణుకులే అని వదిలేయొద్దు. చిటికెనవేలి వైపు పాదం మధ్యలో ఉండే ఎముక గుబ్బనూ నొక్కి చూడండి. పెరోనియస్ బ్రెవిస్ అతుక్కునేది అక్కడే, కాలు మడతపడినప్పుడు అక్కడి ముక్క ఊడొచ్చు. మోకాలి కింద బయటివైపు నొప్పి ఉంటే ఆ సంగతీ డాక్టర్‌కు చెప్పండి. చీలమండ తిరిగినప్పుడు ఒక్కోసారి ఫిబులా పైభాగంలో విరుగుతుంది, చీలమండ ఒక్కదానికే ఎక్స్‌రే తీస్తే అది కనపడదు.

మెట్ల సంగతికి వస్తాను. ఎముక అతుక్కోవడానికి మామూలుగా 6 నుంచి 12 వారాలు. కండ బలం రావడానికి నెలలు. తిరుచానూరు వైపు ఆటో నడిపే ఒకాయనకు కుడి చీలమండ విరిగింది. నడక కుదురుకున్న కొత్తలోనే ఆటో ఎక్కేస్తానన్నాడు. బ్రేకు తొక్కేది పిక్క బలంతోనే. ఒక్కసారి కూర్చోబెట్టి కుడి పాదంతో నా చేతిని గట్టిగా తొక్కమన్నాను, తర్వాత ఎడమతో తొక్కించాను. ఆ తేడా ఆయనకే తెలిసింది. జనాన్ని ఎక్కించుకునేది వాయిదా వేసుకున్నాడు, పిక్క కుదిరాకే బండి తీశాడు. మెట్లకూ అదే కొలత పెట్టుకోండి. ఒంటికాలి మీద మడమ ఎత్తడం బాగున్న కాలితో సమానంగా రావాలి, గోడ దగ్గర మోకాలి కొలత ఒకటి రెండు వేళ్ల తేడాలోకి రావాలి, ఇంటి మెట్లు రెయిలింగ్ పట్టుకోకుండా ఒక్కో మెట్టుకు ఒక్కో పాదం వేస్తూ దిగగలగాలి. ఈ మూడూ కుదిరాకే కొండ దారి. నా అనుభవంలో అమ్మగారి వయసువాళ్లకు ఆపరేషన్ నుంచి ఆరు నెలల పైనే పడుతుంది.

మొదటిసారి అలిపిరి నుంచి ఎక్కించండి. మెట్లు ఎక్కువే అయినా గాలిగోపురం దాటాక చాలాదూరం చదునుగా ఉంటుంది, కండలకు విశ్రాంతి దొరుకుతుంది. మోకాళ్ల మెట్టు దగ్గర తొందరపడొద్దు. చాలామంది మెట్ల దారిలో ఉత్త కాళ్లతోనే నడుస్తారు. ఆమెకూ అదే మొక్కయితే ముందు కొన్ని వారాలు మిద్దె మీద చెప్పుల్లేకుండా నడక అలవాటు చేయండి. దర్శనం అయ్యాక కిందికి బస్సులోనే రండి. నడిచి దిగడం ఈ ఏడాదికి వద్దు.

షుగర్ ఉందా లేదా, టేపు కొలతల తేడా ఎంత, గోడ దగ్గర ఎన్ని వేళ్లు వచ్చాయి, అడ్డంగా స్క్రూ వేశారా, ఈ నాలుగూ రాయండి. చూసి వారానికి ఎంత పెంచుకోవచ్చో చెబుతాను.